నిడదవోలు ప్రదర్శనలో మా బొంత

మా చిన్నప్పుడు... నిడదవోలులో ఒక కల్యాణమండపంలో తాడు మీద మా బొంత వేలాడుతుంటే, దాని పక్కన నిలబడి నేను భయంగా గుమ్మం వైపే చూస్తున్నాను.

ఆడవాళ్ల చేతిపనుల ప్రదర్శన అది. చుట్టూ అద్దాలు కుట్టిన దుప్పట్లు, ఊలు అల్లికలు, పూసల బొమ్మలు... మధ్యలో పాత చీరలతో కుట్టిన మా బొంత. నా భయం అందుకు కాదు. బొంతకి గుచ్చిన చీటీ మీద అమ్మ పేరొక్కటే ఉంది. కుట్టింది మాత్రం ఇద్దరు... అమ్మ, మా పెద్దమ్మ. అంటే నాన్నగారి అన్నయ్య భార్య.

అందరం ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో, వంటిల్లు సర్దుకున్నాక ఇద్దరూ వసారాలో ఆ బొంత పరిచేవారు. ఆ అంచు నుంచి పెద్దమ్మ, ఈ అంచు నుంచి అమ్మ... కబుర్లు చెప్పుకుంటూ, కుట్టుకుంటూ మధ్యకి వచ్చేవారు. పెద్దమ్మ కుట్టు చీమల బారులా సన్నగా ఉండేది. అమ్మది కాస్త పొడుగు.

తర్వాత ఏదో విషయంలో మాటా మాటా పెరిగి కాపురాలు వేరయ్యాయి. బొంత మా ఇంట్లో ఉండిపోయింది. పెద్దమ్మ వీధి చివరే ఉన్నా, అమ్మతో మాట్లాడి ఏడాది దాటింది.

"పెద్దమ్మ పేరు రాయవా అమ్మా?" అని ఆ ఉదయం అడిగాను.

"ముందు నువ్వు జడ వేయించుకో," అంది అమ్మ, నా మొహంలోకి చూడకుండా.

భయపడినంతా అయింది. పక్కింటివాళ్లతో కలిసి పెద్దమ్మ వచ్చింది. ఒక్కో దుప్పటీ చూసుకుంటూ మా దగ్గర ఆగిపోయింది. తన నేరేడు రంగు చీర ముక్క మీద చెయ్యి వేసింది. చీటీ చదివింది. అందరి ముందూ అరిచేస్తుందేమో... అమ్మ తల ఎక్కడ పెట్టుకుంటుంది...

అంతలో బహుమతులు నిర్ణయించే టీచరుగారు వచ్చారు. బొంత తిరగేసి చూసి, "చాలా బాగుందండి. అంతా మీరొక్కరే కుట్టారా?" అని అమ్మని అడిగారు.

అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటోంది. పెద్దమ్మ అమ్మ వైపే చూస్తోంది.

"లేదండి..." అంది అమ్మ చివరికి. "సగం పైన మా అక్కయ్యగారే కుట్టారండి. ఈవిడే. నేనే పేరు రాయించలేదండి."

టీచరుగారు కలం తీసి పెద్దమ్మ వైపు తిరిగారు. "మీ పేరు చెప్పండి."

పెద్దమ్మ ఆవిడ వైపు చూడనేలేదు. "ఆ మూల దారం ఊడిపోతోంది సత్యా... చూసుకోలేదేంటి?" అంది అమ్మతో.

అమ్మ కళ్లు తుడుచుకుంది. అప్పుడు చెప్పింది పెద్దమ్మ తన పేరు.

బహుమతి అద్దాల దుప్పటికి వచ్చింది. అందరం ఒకే ఆటోలో ఊరికి బయల్దేరాం. బొంత పెద్దమ్మ ఒళ్లో ఉంది. దారంతా ఇద్దరూ చెరో పక్కకి చూస్తూ కూర్చున్నారు. మళ్లీ ఏమైందోనని నాకు ఒకటే గుబులు. ఆటో దిగాక అమ్మ, "కాఫీ తాగి వెళ్దురుగాని అక్కయ్యా," అంది. పెద్దమ్మ లోపలికి వచ్చింది.

మునుపటంత చనువు మళ్లీ రాలేదు కానీ... రాకపోకలు ఆగలేదు.

ఇప్పుడు దుప్పటి కావాలంటే ఫోన్‌లో నొక్కితే చాలు, గుమ్మంలోకి వచ్చేస్తుంది. మెత్తగానే ఉంటుంది... కానీ దాన్ని ఎవరు కుట్టారో, ఎవరి పక్కన కూర్చుని కుట్టారో మనకి తెలీదు. మీ ఇంట్లో బొంత ఎవరు కుట్టేవారండీ? ఎవరెవరి చీరలు ఉండేవి అందులో?