పల్లి చేలో ఆటల సారు

ఆటల సారు పోయారన్న కబురు నాకు పల్లి చేనికి నీళ్లు పారిస్తుండగా తెలిసింది. గుండెలో నొప్పి అంటే కొత్తకోట దవాఖానకు తీసుకుపోయారట, అక్కడే అయిపోయిందట. మోటరు బంద్ చేసి గట్టు మీద కూర్చున్నాను. ఎవరికైనా ఫోన్ చేసి చెప్పుకోవాలనిపించింది. ఇట్లాంటివి నేను చెప్పుకునేది ఆయనకే.

మా ఊరి హైస్కూల్లో ఆయన మాకు కబడ్డీ నేర్పారు. బడి మైదానం నిండా గులకరాళ్లే. అందుకని పల్లికాయ పీకేసిన చేలకు తీసుకుపోయేవారు. అక్కడ మట్టి గుల్లగా ఉంటుంది, పడ్డా దెబ్బ తగలదు. ముందు రైతును అడిగేవారు. చేలో ఆడవాళ్లు రాలిన కాయలు ఏరుకుంటుంటే మమ్మల్ని గట్టు మీదే కూర్చోబెట్టేవారు. మేం సణిగితే, "ఆగుండ్రి రా, వాళ్లు ఏరుకోని పోనీ. ఆట యాడికి పోతది?" అనేవారు. ఓడి ఏడ్చేవాడిని ఓదార్చడం మాత్రం ఆయనకు చేతకాదు. జేబులోంచి బెల్లం ముక్క తీసి చేతిలో పెట్టి, మొహం పక్కకు తిప్పుకునేవారు. ఆ బెల్లానికి చెమట వాసన వచ్చేది. అయినా తినేవాళ్లం.

రెండేళ్ల కిందట అధికారులు వచ్చి మా చేలన్నీ కలిపి పెద్ద స్టేడియం కడతామన్నారు. ఆటల సారు ఎగిరి గంతేస్తారని ఊరంతా అనుకుంది. గ్రామసభలో ఆయనకు వేదిక మీద కుర్చీ వేసి, మైకు ఇచ్చారు. ఆయనకు గుంట భూమి కూడా లేదు. నాలుగు మంచి మాటలు చెప్పి దిగితే శాలువా దక్కేది.

"స్టేడియం కావాలె సారూ, నేను గూడ జిందగీ అంత అడిగిన. గని పంట పండే చేన్ల మీద వద్దు. వీళ్ల బువ్వ గుంజుకొని పిలగాండ్లకు ఏం ఆట నేర్పుత?" అన్నారు.

శాలువా మడత విప్పనేలేదు.

ఆ తర్వాత ఆయన దగ్గర ఆట నేర్చుకున్నవాళ్లే ముఖం చాటేశారు. "ఆటల సారే ఆటకు అడ్డం పడ్తుండు" అని హోటల్ దగ్గర నవ్వుకున్నారు. పొద్దున్నే ప్రాక్టీసుకు వచ్చే పిల్లలూ మానేశారు. ఆయన మాత్రం విజిల్ మెడలో వేసుకుని ఖాళీ మైదానానికి పోయి, కాసేపు రాళ్లు ఏరి వచ్చేవారు.

భూములు ఇయ్యమని ధర్నాకు మేం వేసిన టెంటులో మొదట ఊరంతా ఉంది. తర్వాత భూములిచ్చి ఒక్కొక్కరే లేచిపోయారు. వాళ్లను తప్పుపట్టను, ఎవరి ఇబ్బందులు వాళ్లవి. చివరికి నేనూ సారూ మిగిలాం. ఒకరోజు ఉండబట్టలేక, "మీకెందుకు సార్ ఈ లొల్లి? ఇంటికాడ ఆరాం చేయరాదా?" అన్నాను.

"నువ్వొక్కనివే కూసుంటే మంచిగుండదు రా" అన్నారు. ఇద్దరం చాయ్ తాగాం.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. ముఖం చాటేసినవాళ్లే పాడె మోశారు, ఏడ్చారు కూడా. సాయంత్రానికి ఎవరిళ్లకు వాళ్లు పోయారు. నాకు టెంటు వైపు పోబుద్ధి కాలేదు.

నిన్న సర్వేవాళ్లు నా చేనికి వచ్చారు. ఇవ్వనన్నాను. వచ్చినాయన మంచివాడే, మెల్లగానే అడిగాడు: "నీతోని ఇంకెవరున్నరు అన్నా?"

అలవాటుగా పక్కకు చూశాను. పల్లి చేనంతా పసుపు పూత పూసి ఉంది.