పసిదాని రక్తానికి పెద్దల కొలత

2023 వానాకాలం. భద్రాచలంలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా నాకది పదకొండో ఏడు. జ్వరాల రోజుల్లో మా గుమ్మం ముందు చెప్పులు విడవడానికి కూడా చోటుండదు.

ఆ రోజు దుమ్ముగూడెం వైపు అడవి పల్లె నుంచి లక్ష్మి అనే ఆమె ఏడాదిన్నర కూతుర్ని చంకనెత్తుకుని వచ్చింది. నాలుగు రోజుల కిందట పాపకూ, ఆమె భర్తకూ జ్వరమొస్తే సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, చేసింది నేనే. ఆ రెండు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కన పరిచింది.

“మేడమ్, జరం ఇద్దరికీ తగ్గింది. గని మా ఆయనకు ముప్పై ఉన్నకాడ పిల్లకు అరవై రెండున్నది. పక్కన ఎర్రగ రాసిండ్రు. మా ఊళ్ల సూదులేసేటాయన చూసి, రక్తం చెడ్డదన్నడు.”

అది లింఫోసైట్ల శాతం. రోగాలతో పోరాడే తెల్లకణాల్లో అవి ఒక రకం. కాగితం మీద మామూలు హద్దు ఇరవై నుంచి నలభై అని ఉంది. దాటింది కాబట్టి మెషిన్ ఎర్రగా ‘హై’ అని కొట్టింది.

పాప ఏడుస్తూ తల్లి కొంగు లాగుతోంది. ఆమె ఆ చెయ్యి తీసేస్తోంది.

“పాలియ్యమ్మా, ఏడుస్తోంది కదా,” అన్నాను.

“మూడు దినాలాయె మానిపిచ్చి. నా రక్తమే గద పాలయ్యేది. నా పాలతోనే గిట్లయిందని మా అత్త అన్నది.”

పాప కాగితం మళ్లీ చూస్తే, దాని మీదా పెద్దల హద్దులే ఉన్నాయి. మా మెషిన్‌లో పెద్దలకో సెట్టింగ్, పిల్లలకో సెట్టింగ్ ఉంటాయి. రద్దీలో తండ్రిది చేసి, వయసు గడి మార్చకుండానే కూతురిదీ నడిపేశాను. పుట్టిన కొద్ది రోజులకే పసివాళ్లలో లింఫోసైట్లు మిగతా తెల్లకణాలను దాటిపోతాయి. ఆ ఈడులో సగానికి పైగా అవే ఉండటం ఆరోగ్యమే. నాలుగైదేళ్లు వచ్చేసరికి ఆ లెక్క తిరగబడి, మెల్లగా పెద్దల వరసలో పడుతుంది. ఇదంతా నేను చదువుకున్నదే.

మళ్లీ రక్తం తీసి, గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్ కింద చూశాను. కణాల్లో తేడాగా ఏమీ కనబడలేదు. అయినా పక్క వీధిలోని పిల్లల డాక్టరు దగ్గరికి నేనే వెంటబెట్టుకెళ్లాను. ఆయన పాపను చూసి, కాగితాలు చూసి, “పిల్ల నిక్షేపంగా ఉంది. మీ కాగితమే బాలేదు,” అన్నారు. సిగ్గుతో తల దించుకున్నాను.

“తప్పు నాదమ్మా. నీ పాలలో ఏ దోషమూ లేదు,” అని లక్ష్మికి చెప్పాను. తిడుతుందనుకున్నాను.

“మీరే రాసిండ్రు, మీరే కాదంటుండ్రు. ఏది నమ్మాలె?” అంది.

న్యాయమైన ప్రశ్న. పాప వయసుకు తగిన హద్దులతో కొత్త కాగితం తీసిచ్చి, వాళ్ల అత్తకు ఫోన్ కలపమన్నాను.

“అత్తమ్మా, నీ రైక పిల్లకు తొడిగి, వదులైందంటే తప్పు పిల్లదా?”

“పిల్లదెట్లయితది? తొడిగినోళ్లది,” అంది ముసలమ్మ.

“ఆ తొడిగింది నేనే.”

లక్ష్మి అక్కడే, రక్తం తీసే కుర్చీలో కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకుంది. పాప ముందు మొహం తిప్పుకుంది. తర్వాత అందుకుంది.

ఇప్పుడు నేను పేరు కన్నా ముందు వయసే అడుగుతాను. అంకె మెషిన్‌ది, దాని పక్కన హద్దు మాత్రం మనం పెట్టేది. నేను మార్చని ఒక్క గడికి, తల్లి ఒళ్లోనే ఉండి ఒక పసిది మూడు రోజులు పాలకు ఏడ్చింది.