ఏసీ నీళ్ల మీద ఇసుక

నేను కొన్న మొదటి కారు నా తోడల్లుడిది. అంటే నా భార్య చెల్లెలి భర్తది. ఆయనకు కడపలో బండల వ్యాపారం. కొత్త కారు తీసుకుంటూ పాతది అమ్మేస్తానన్నాడని తెలిసి, బయటివాళ్ల దగ్గర కొనేకంటే ఇదే మేలని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అంతవరకూ నేను కర్నూల్లో స్కూటరు మీదే తిరిగాను. ఆ సంగతి బంధువుల్లో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లకు ఆయన చెప్పాడు.

బయటివాళ్ల దగ్గర పాత కారు కొనేటప్పుడు ఎవరైనా తెలిసిన మెకానిక్కును వెంట తీసుకుపోతారు. తోడల్లుడి ఇంటికి అలా తీసుకుపోవడం మా వైపు కుదరదు. నిన్ను నమ్మడం లేదని గుమ్మంలో నిలబడి చెప్పినట్టవుతుంది. పోనీ నేనే బానెట్ ఎత్తి చూద్దామంటే, నేను వెళ్లేసరికే మరదలు కారు కడిగించి, బానెట్ మీద పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అడ్డంగా పూలదండ వేసి ఉంచింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. దండ తీసి, బొట్టు చెరిపి ఇంజను చూడటం నాకు చేతకాలేదు. నిమ్మకాయలు తొక్కించి బయటికి తీశాను.

కారు కదిలాక, అది నిలిచిన చోట ఇసుక పరిచి ఉండటం కనిపించింది. ఆయన ఇంటి ముందరి బండలు నల్లగా, మొహం కనిపించేంత నునుపుగా ఉంటాయి. వచ్చిన బేరగాళ్లకు ముందు వాటినే చూపిస్తాడు. అలాంటి చోట ఇసుక ఎందుకా అని ఒక్క క్షణం అనిపించింది. ఇంటి పని ఏదో చేయించి ఉంటారనుకున్నాను.

నేనూ నా భార్యా దారిలో మహానందికి తిరిగి, అక్కడ కూడా పూజ చేయించుకుని, ఇంకో పొర కుంకుమతో కర్నూలు చేరాం. మరుసటి ఉదయం ముగ్గు వేయడానికి బయటికి వెళ్లిన నా భార్య నన్ను పిలిచింది. కారు కింద, ముందు కుడి చక్రం వెనకాల, అరచేయంత నల్లటి మరక ఉంది. వేలు పెడితే జిడ్డు. వాసన చూస్తే ఆయిలు.

వెంటనే కడపకు ఫోను చేశాను.

"ఆయిలా? అవి ఏసీ నీళ్లన్నా," అన్నాడు. "ఏసీ బండికి కింద నీళ్లు కారతాయి. స్కూటరుకు కారవు కదా, నీకు కొత్త. గాబరా పడాకు."

"నల్లగా ఉండాదప్పా. వేలికి అంటుకుంటాంది."

"దుమ్ము కలిసింటాది."

ఆయన వెనకాల ఎవరో నవ్వారు. ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడుతున్నాడని అప్పుడు అర్థమైంది. అది చలికాలం. ఆ ప్రయాణంలో మేము ఏసీ వేయనేలేదు. ఆ మాట చెప్పేలోపే ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత రాయచోటిలో ఒక పెళ్లికి వెళ్లాం. నా భార్యకు పెదనాన్న కొడుకు ఒకడున్నాడు, నాకు బావమరిది. భోజనాల బంతిలో నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం బావా, నీళ్లు తగ్గినాయా? కింద బిందె పెట్టుకోకపోయినావా? కర్నూల్లో నీళ్లకు శానా కటకట కదా."

బంతి మొత్తం నవ్వింది. నా తోడల్లుడు నవ్వలేదు. వడ్డించేవాణ్ణి పిలిచి నా విస్తట్లో ఇంకో బూరె వేయించాడు. ఆ బూరె నేను తినలేదు.

అప్పటి నుంచీ నాకు కావలసింది ఒక్కటే. నవ్విన వాళ్ల ముందు, అది ఆయిలేనని ఆయన నోటితో అనాలి.

పాతబస్తీలో నాకు తెలిసిన మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. కారు కిందికి దూరి చూసి, మొదట ఆయిలు దింపే బోల్టు వదులైందన్నాడు. బిగించాడు. కారడం ఆగలేదు. రెండోసారి చూసి, ఇంజను అడుగున ఆయిలు నిలిచే చాంబరుకు ప్యాకింగు పోయిందన్నాడు.

"ముందే ఎవరో పేస్టు పూసినారు సాబ్. పైపైన పూసి వదిలేసినారు."

"ఎప్పుడు పూసింటారు?"

"అది పేస్టు చెప్పదు కదా సాబ్. దించి కొత్త ప్యాకింగు వేస్తా. లేదంటారా, పోసుకుంటా తిరగండి. ఆయిలు కారతాందంటే లోపల ఆయిలు ఉండాదని. కారకపోతేనే ఫికర్ చేయాల."

నేను దించొద్దన్నాను. బాగుచేయిస్తే ఇక చూపించడానికి ఏమీ మిగలదు. రాత్రి కారు కింద అట్టముక్క పరచడం, ఉదయం తీసి మరక చూడటం, కడ్డీతో ఆయిలు మట్టం చూసి తగ్గినంత పోయడం నాకు అలవాటైంది. ఆ అట్టలు మేడమెట్ల కింద పేర్చాను. నా భార్య కొన్నాళ్లు చూసింది. ఒకరోజు అంది.

"బాగు చేయించకూడదా?"

"చేయిస్తే ఏం చూపించేది?"

"ఎవరికి చూపించాల?"

"నవ్వినోళ్లకి."

"వాళ్లు ఎప్పుడో మరిచిపోయింటారు. మీరే రోజూ పొద్దున్నే వంగి చూసుకుంటాండారు. నాకు ముగ్గేసే చోటు లేకుండా పోయింది."

ఆమె చెప్పింది నిజమే. మా ఇంటి ముందర వేసినవి మామూలు నాపరాళ్లు. ఆయిలు తాగితే వదలవు. అయినా నేను ఒప్పుకోలేదు.

ఎండలు ముదరకముందే మా అత్తకు కంటి ఆపరేషను అయింది. ఆమె ఉండేది కడపలో, చిన్నకూతురి ఇంట్లోనే. చూడటానికి కారులోనే వెళ్లాం. బంధువులందరూ వస్తారని తెలుసు. ఆళ్లగడ్డ దాటాక ఏం మాట్లాడాలో మనసులో వరుసపెట్టుకున్నాను. అందరూ కూర్చుని ఉండగా, కొంచెం కారు కింద చూడమని ఆయన్ను అడగాలి. అంతే. గొంతు పెంచకూడదు.

కారును ఆయన ఇంటి ముందు, పాత చోటే ఆపాను. కావాలనే ఆపాను. ఇసుక అప్పటికే తీసేశారు. బండలు మళ్లీ మెరుస్తున్నాయి. అరుగు మీద అత్త నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన రాయచోటి బావమరిది, ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. నా తోడల్లుడు గేటు దగ్గర ఎవరో బేరగాడితో ఫోనులో మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసి, లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు.

నేను అరుగెక్కి అత్త దగ్గర కూర్చున్నాను. కాఫీ ఇచ్చారు. అడగాలనుకున్నది ఇంకా మొదలుపెట్టలేదు.

ఆయన ఫోను చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుని, ప్రహరీ వారకు పోసి ఉన్న ఇసుక కుప్ప దగ్గరికి నడిచాడు. అక్కడున్న బాండ్లిలో ఇంత ఇసుక ఎత్తుకున్నాడు. పాలిష్ రేటు గురించి మాట్లాడుతూనే కారు దగ్గరికి వచ్చాడు. వంగి చూడలేదు. ముందు కుడి చక్రం వెనకాల ఇసుక కుమ్మరించి, చెప్పుకాలితో సరిగ్గా ఎంత లోపలికి తోయాలో అంత లోపలికి తోశాడు. బాండ్లి కుప్ప మీద బోర్లించి చేతులు దులుపుకున్నాడు.

అందరం చూస్తున్నాం.

"ఏం బావా," అన్నాడు రాయచోటి బావమరిది ఆయనతో, "ఏసీ నీళ్లకి ఇసుక ఎందుకు పోస్తాండావు?"

ఆయన ఫోను చెవి నుంచి తీశాడు. "ఆఁ?"

"నీళ్లే కదా. ఆరిపోతాయిలే."

"ఎవరన్నా జారతారని."

"నీళ్లేంది నాయనా," అంది మా అత్త, నల్లద్దాలు సర్దుకుంటూ. "ఆ కారు ఈడ ఉన్నన్నాళ్లూ రోజూ ఇదే పని. బండలు నూనె తాగుతాయని."

కొందరు నవ్వారు. రాయచోటిలో నవ్వినంతగా నవ్వలేదు. ఆయన మళ్లీ ఫోను చెవిన పెట్టుకుని గేటు వైపు వెళ్లాడు. అటువైపు బేరగాడు ఇంకా ఉన్నాడో లేడో నాకు తెలియదు. నేను దారి పొడుగునా వరుసపెట్టుకున్న మాటల్లో ఒక్కటీ అవసరం పడలేదు. అయినా ఆ ముక్క ఆయన నోటితో అనలేదు. ఎవరన్నా జారతారని, అని మాత్రమే అన్నాడు.

మేము బయలుదేరేటప్పుడు ఆయన ఇంట్లోంచి ఇంజనాయిలు డబ్బా ఒకటి తెచ్చాడు. సగం వాడింది. మూత చుట్టూ దుమ్ము పట్టి ఉంది.

"ఇంట్లో పడి ఉండాదన్నా. నా కొత్తదానికి ఇది పనికిరాదు. డిక్కీలో పెట్టుకో."

"దేనికప్పా?"

"దారిలో అవసరం పడితే."

"దేనికి అవసరం పడుతుంది?"

ఆయన అరుగు వైపు చూశాడు. బావమరిది ఇటే చూస్తున్నాడు.

"నీకు తెలీదా అన్నా."

"నువ్వు చెప్పు."

"పొద్దు పోతాంది," అన్నాడు. "మైదుకూరు దాటేసరికి చీకటైతాది. బయల్దేరు."

నేను డబ్బా అందుకున్నాను. డిక్కీ తెరవలేదు. అరుగెక్కి, అత్తకు పోయొస్తానని చెప్పి, డబ్బాను ఆమె కుర్చీ పక్కన, వాళ్లందరూ కూర్చున్న చోట పెట్టాను. ఎంత వాడిందీ పక్క నుంచి చూస్తే తెలుస్తుంది. దిగి కారెక్కాను.

మైదుకూరులో ఆగి కొత్త డబ్బా కొన్నాను. బానెట్ ఎత్తి, కడ్డీ తీసి తుడిచి, మళ్లీ ముంచి చూశాను. మట్టం కింది గీతకు వచ్చింది. పోశాను. నా భార్య కిటికీ దించి చూస్తూ కూర్చుంది.

"ఆ డబ్బా తెచ్చుకుని ఉంటే దీనికి సరిపోయేది," అంది.

"సరిపోయేది కాదు," అన్నాను.

కర్నూలు చేరాక పాతబస్తీకి వెళ్లి ప్యాకింగు మార్పించాను. చూడవలసిన వాళ్లు చూశారు కాబట్టి ఇక ఆపే కారణం లేదు. అట్టముక్కలు మాత్రం మేడమెట్ల కిందే ఉన్నాయి. ఆయన ఆ మాట ఇంకా అనలేదు.