అన్నయ్య చేతుల దూరం

మా అన్నయ్య పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ షెడ్డున్న వీధిలో ఆయనను కొలతల మేస్త్రి అనే తలుచుకుంటారు. ఆయన ఇంజన్లు విప్పేవాడు కాడు. పొడవాటి క్రూయిజర్ మోటార్‌సైకిళ్లు మోజుపడి కొనుక్కుని, నెల తిరక్కుండా నడుం పట్టేసినవాళ్లు ఆయన షెడ్డుకి వచ్చేవారు. హ్యాండిల్ ఎంత వెనక్కి రావాలి, కాళ్లు ఆనించే కడ్డీలు ఎక్కడుండాలి, సీటు ఎక్కడ కాస్త లోతు చేయాలి అన్నదే ఆయన పని.

బండిని కదలకుండా నిలబెట్టి, మనిషిని కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమనేవాడు. "చేతులు పైకెత్తి మెల్లగా దించండి. ఎక్కడ ఆగుతాయో అక్కడే ఆగనివ్వండి" అనేవాడు. అవి ఆగిన చోటికి హ్యాండిల్ రావాలి తప్ప, హ్యాండిల్ కోసం మనిషి వంగకూడదు.

ఒకసారి ఒక లాయరు కాళ్లు బారచాపి కూర్చుని, ఇలాగే బిగించమన్నాడు.

"ఫొటోకా, ప్రయాణానికా?" అన్నాడు అన్నయ్య.

"రెంటికీ."

"ఫొటో నిమిషంలో అయిపోతుంది బాబూ. తర్వాత మూడు గంటలు ఆ నడుం ఎవరు మోస్తారు?"

యాభై ఎనిమిదో ఏట అన్నయ్యకి కండరాలు కరిగిపోయే జబ్బు పట్టుకుంది. ముందు భుజాల్లో మొదలైంది. చేతులు చాచి శ్రమపెట్టనంత కాలం బండి నడపొచ్చని డాక్టరు చెప్పాడు. కానీ పంతొమ్మిదేళ్లుగా నడుపుతున్న తన సొంత బండి మీద పది నిమిషాలు కూర్చుంటే చాలు, వేళ్లు మొద్దుబారేవి. వీధి చివరిదాకా వెళ్లి, చేతులు విదిలించుకుంటూ తిరిగొచ్చేవాడు.

ఆ బండి మీద ఒక బ్యాంకు ఉద్యోగికి ఎప్పటినుంచో కన్ను. ఆదివారం వచ్చి చూసుకోమని అన్నయ్య అతనికి కబురు చేశాడు. "నడపలేనిదాన్ని ఇంట్లో పెట్టుకుని రోజూ తుడుస్తూ కూర్చోలేను" అన్నాడు నాతో.

అయినా మనసొప్పక, శుక్రవారం తన కొలత తనే తీసుకున్నాడు. బండెక్కి, కళ్లు మూసుకుని, చేతులెత్తి దించాడు. అవి తిన్నగా వెళ్లి హ్యాండిల్ పిడుల మీద వాలాయి. మూడుసార్లు చేసినా అంతే.

"చూశావా చెల్లాయ్. కొలతలో తేడా లేదు. ఒళ్లే పాడైంది."

నేను నమ్మాను. వదిన నమ్మలేదు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషను తొక్కడం ఆపి, "పంతొమ్మిదేళ్లు పట్టుకున్న హ్యాండిల్ అది. కళ్లు మూసుకున్నంత మాత్రాన చేతులకి దారి తెలీదా?" అంది.

"బండి సంగతి నీకేం తెలుసే?"

"బండి సంగతి తెలీదు. మనుషుల సంగతి తెలుసు. టేపు తియ్యగానే ఒక్కొక్కరూ పొట్ట ఎలా లోపలికి లాక్కుంటారో రోజూ చూస్తున్నా."

అన్నయ్య బండి దిగాడు.

ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన కుర్చీలో చేరబడి ఉంటే, వదిన వచ్చి ఆయన రెండు చేతులకీ ఊలు తగిలించింది. ఎదురుగా కూర్చుని ఉండ చుడుతూ, పక్కింటావిడ తీసుకెళ్లి తిరిగివ్వని కత్తెర గురించి మొదలుపెట్టింది. అన్నయ్య ఊ కొడుతున్నాడు. కాసేపటికి ఆయన మోచేతులు దిగి డొక్కలకి ఆనుకున్నాయి. పాదాలు వెనక్కి జరిగి మోకాళ్ల కిందికి వచ్చాయి. వదిన నావైపు చూసింది. నేను టేపు పట్టుకుని వంగాను.

"ఏం చేస్తున్నారర్రా?"

"కదలకండి, ఊలు చిక్కుపడుతుంది" అంది వదిన.

బండి కొలతతో పోల్చి చూస్తే చేతుల దగ్గర నాలుగు వేళ్ల తేడా వచ్చింది. కాళ్ల దగ్గర జానెడు. నేను కొలతలు రాసిన కాగితాన్ని అన్నయ్య రెండుసార్లు చదివాడు. "ఇంత దగ్గరికా" అన్నాడు చివరికి.

శనివారం హ్యాండిల్ వెనక్కి తెచ్చి, కడ్డీలు జరిపి, పొద్దున్నే బయల్దేరాడు. పది నిమిషాలు దాటాయి, పావుగంట దాటింది. వదిన గుమ్మంలోంచి కదల్లేదు. నలభై నిమిషాలకు వచ్చాడు.

"వేళ్లు?" అంది వదిన.

"పదీ ఉన్నాయి."

"మరి మొహం అలా పెట్టారేం?"

"హాయిగానే ఉంది. మునుపటి హాయి కాదు, అంతే."

ఆదివారం రావద్దని బ్యాంకాయనకు చెప్పేశాడు. తర్వాత పద్నాలుగు నెలలు ఆ బండి నడిపాడు. మధ్యలో మరో రెండుసార్లు వదిన ఊలు పట్టుకొచ్చింది. ఎందుకో తెలిసినా, తెలియనట్టే చేతులు చాచేవాడు. ప్రతిసారీ హ్యాండిల్ ఇంకాస్త దగ్గరికి వచ్చేది.

ఆ తర్వాతిసారి బిగించి, ఎక్కి కూర్చుని, హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పాడు. దాని కొన వచ్చి పొట్టకి గుచ్చుకుంది. కుడికి తిప్పినా అంతే. మలుపు తిరగని బండితో రోడ్డెక్కలేడు. దిగి, పానాలు పెట్టెలో పెట్టేశాడు.

"ఇక జరపడానికి చోటు లేదు" అన్నాడు.

"సీటు వెనక్కి జరపొచ్చుగా?" అంది వదిన.

"జరిపితే మళ్లీ దూరమే కదే."

బ్యాంకాయనకు మేం చేస్తామన్నా వినకుండా ఫోను తనే చేశాడు. వేళ్లు సరిగా పట్టక, దాన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాడు. ఇంత బాగా చూసుకున్న బండిని ఎందుకు ఇచ్చేస్తున్నారని అతను అడిగినట్టున్నాడు.

"లేదు బాబూ, బండిలో ఏ లోపమూ లేదు" అన్నాడు అన్నయ్య. అతనికి నమ్మకం కుదరలేదేమో, ఇంకోసారి అదే మాట నిదానంగా చెప్పాడు.