అత్త పెరట్లో వెన్నపండు చెట్టు

నేను చిలమత్తూరుకు కోడలిగా వచ్చేనాటికి అత్త పెరట్లోని వెన్నపండు చెట్టు ఇంటికప్పు దాటి పెరిగింది. బెంగళూరులో బటర్‌ఫ్రూట్ అనే ఆ పండు గింజను అక్కడి చుట్టాలు ఇస్తే ఆమే మొలిపించి, చెరువుమట్టి బండ్లతో తోలించి, గుంత నింపి నాటిందట. ఊళ్ళో అట్లాంటి చెట్టు ఇంకోటి లేదు. పండు మొదటిసారి నోట్లో పెట్టుకుని నేను మొహం చిట్లిస్తే, అత్త నవ్వి బెల్లం వేసి మెదిపి ఇచ్చింది. గిన్నె నాకేసినాను.

ఎనభైల్లో ఒక ఏడు ఆ చెట్టు ఆకులు చిన్నవై, పసుపు తిరిగి, వాడి వేలాడినాయి. పైకొమ్మలు మోడుబారినాయి. ఉన్న కొన్ని పండ్ల మీదా నల్లమచ్చలే. ఆ ఏడు వానల్లేవు. పాపం, దప్పికనుకున్నాం. బోరింగు దగ్గర వరసలో నిలబడి తెచ్చిన బిందెలు చెట్టు మొదట్లో పోసినాం. బియ్యం కడిగిన నీళ్ళూ, స్నానాల నీళ్ళూ దానికే. పక్కింటామె కూడా రోజూ ఒక చెంబు పోసి పోయేది. పోసేకొద్దీ చెట్టు ఇంకా వాడింది.

కొడగు కాఫీ తోటల్లో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చిన ఒకాయన్ని మామ పిలుచుకొచ్చినాడు. ఆయన చెట్టు మొదట్లో కొంచెం తవ్వి సన్నవేరొకటి లాగితే, కాలిన దారంలా నల్లగా, పుటుక్కున తెగింది. అడుగంతా బురద.

"వేరుకుళ్ళు అక్కా ఇది. నీళ్ళు ఎక్కువైనాయి. చెరువుమట్టి నీళ్ళను కిందికి దిగనీదు."

"ఏమప్పా, నీళ్ళు పోస్తే చెట్టు చస్తాదా?" అంది అత్త. "పుట్టినప్పట్నుంచీ నీళ్ళు లేక చచ్చిన చెట్లనే చూసినా నేను."

"కొడగులో ఈ చెట్లను చూసినాలే అక్కా. మిట్ట మీదివి బాగుంటాయి. పల్లంలోవి ఇట్లే పోతాయి."

అత్త లోపలికి పోయి పొయ్యి ముందర కూర్చుంది. "నేనే చంపుకుంటి గదమ్మా" అంది నాతో. నేనూ పక్కనే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమే పార పట్టింది. ఇద్దరం కలిసి చెట్టు చుట్టూ నీళ్ళు బయటికి పోయేట్టు కాలవ తీసినాం. ఆయన చెప్పినట్టే, బంక కారే చోట బెరడు గీకి, మైలుతుత్తం సున్నంలో కలిపి పూసినాం. చేతులు వారం రోజులు నీలంగానే ఉన్నాయి. పక్కింటామె చెంబుతో వస్తే, "వద్దు తల్లీ, దానికి నీళ్ళు పడవు" అని అత్తే ఆపేది. ఆ మాట అనడం ఆమెకెంత కష్టంగా ఉండేదో మొహంలోనే తెలిసేది.

ఒక పక్క ఎండిపోయింది. రెండో పక్క చిగురేసి రెండేళ్ళు కాసింది. మూడో ఎండాకాలం అదీ పోయింది.

"మిట్ట మీద ఇంకోటి నాటుదాం అత్తా" అన్నాను.

"నాకింక ఓపిక లేదు. నువ్వు నాటుకో."

సరేనన్నాను గానీ, నాటలేదు.