ఆమెన్ అన్న ఆవిడ

మా ఇంటి మిర్చి వ్యాపారం మునిగిపోయి, అప్పులు తీర్చలేమని కోర్టులో నా పేరున ఐపీ పెట్టాం. ప్లీడరుకు ఇచ్చుకునే స్తోమత లేక కోర్టులో నేనే మాట్లాడుకోవలసి వచ్చింది. అమ్మ దగ్గర ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్నదాన్ని. గుంటూరు బస్సులో కొంగు ముఖం మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, జడ్జిగారికి చెప్పవలసిన మాటలు గొణుక్కున్నాను. వానకు తడిసిన కాయలు, పడిపోయిన ధర, అన్నీ వరసగా.

ఆపగానే పక్కసీటులోంచి "ఆమెన్" అని వినపడింది. ఒళ్ళో బైబిలు సంచీతో ఒక పెద్దావిడ, నేను ప్రార్థన చేస్తున్నాననుకుని తనూ తల వంచి కూర్చుంది.

"మనసుపెట్టి చేశావమ్మా. ఇంకొకాయన కోసం కూడా చెయ్యి తల్లీ."

"ఎవరండీ?"

"పొగాకు కూలి చేసి దాచిందంతా ఆయన చేతిలో పెడితే, ఐపీ పెట్టాడు. ఏడాదంతా తిట్టా. నా నోరు నొప్పెట్టింది గానీ ఆయనకేం కాలా. ఇక ప్రార్థనే మిగిలింది." తన మాటకు తనే నవ్వింది.

నేనూ ఐపీ పెట్టినదాన్నేనని చెప్పకుండా దాచుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంటే సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. నేను వల్లించిన వాటిలో మా నష్టాలే ఉన్నాయి. మమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

కోర్టులో "మీ తరఫున ఎవరమ్మా?" అని అడిగారు. "నేనేనండి" అన్నాను. వెనక బెంచీల మీద అప్పిచ్చినవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. ముందు వాళ్ళ పేర్లే చెప్పాను, తలెత్తకుండా.

ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆవిడ తలపుకొస్తుంది. ఆవిడ అడిగినట్టు ఆయన కోసం కాదు, ఆవిడ డబ్బులు ఆవిడకు చేరాలని దణ్ణం పెట్టుకుంటాను.