ఫ్లెక్సీలో నా ఫొటో

మా బావకు మతిమరుపు జబ్బు వచ్చిందనీ, స్కానింగులో మెదడు కుంచించుకుపోయినట్టు కనపడిందనీ అక్క ఫోన్ చేసి చెప్పింది. నాకు బాధ కన్నా ముందు కంగారు కలిగింది. ఎనిమిదేళ్లుగా ఆయన నోటి నుంచి ఒక్క క్షమాపణ కోసం ఎదురుచూస్తున్నాను. చేసిన తప్పునే ఆయన మరిచిపోతే ఇక నేనెవరిని అడగాలి?

తప్పు చిన్నదేమీ కాదు. కొమరోలులో వాళ్లు కొత్త ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టుకున్న రోజున గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో పాస్టరుగారు, వియ్యంకులు, ఆఖరికి బోరు వేసినాయన కూడా చేతులు జోడించి నవ్వుతున్నారు. ఇంటావిడకు సొంత తమ్ముణ్ని, నేను మాత్రం లేను. అన్నం తినకుండా బస్సెక్కాను. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

పోయిన ఆదివారం షుగరు బిళ్లలు జేబులో వేసుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాను. బావ వరండాలో మంచం మీద ఉన్నాడు.

"ఎవరు మీరు? కరెంటాఫీసు నుంచి వచ్చినారా?"

నాకు ఒళ్లు మండింది. "ఫ్లెక్సీ సంగతి తేల్చుకుందామని వచ్చినా."

"మా బామ్మర్ది పంపించినాడా? ఫొటో వెయ్యలేదని అలిగి పోయినాడు. ఎందుకు వెయ్యలేదు? వేసినాం, మూలకుండాది. కట్టినోడు ఆ మూలను స్తంభానికి చుట్టేసినాడు."

"ఆ మాట ఆయనకు చెప్పలేదా?"

"ఫోన్ ఎత్తితే గదా చెప్పేది."

పొద్దున ఏం తిన్నాడో తెలియని మనిషి మాట ఎట్లా నమ్మడం? అక్కను అడిగాను.

"నిజమే. నువ్వు చెప్పనిస్తివా? ఫ్లెక్సీ అనంగానే ఫోన్ పెట్టేస్తివి. కొట్టంలో చొప్ప మీద కప్పినాం, పోయి చూసుకో."

చూశాను. మూలన, మడత గీతల మధ్య, అప్పటి నల్లటి మీసంతో చేతులు జోడించి నేనే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, సంతోషం కలగలేదు. ఎనిమిదేళ్ల కోపం ఎవరో ఒక్కసారిగా చేతిలోంచి లాగేసుకున్నట్టయింది. క్షమాపణ చెప్పవలసింది నేనని తేలింది. వినవలసినాయనకు నేనెవరో తెలియదు.

ఊరుకోలేక ఫ్లెక్సీని వరండాలోకి ఈడ్చుకొచ్చాను. "బావా, ఈయనెవరు?"

"మా బామ్మర్ది. మంచోడే, అలక జాస్తి."

"మరి నేనెవరు?"

ఫ్లెక్సీనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "కరెంటాఫీసాయన."

"ఆయనే ఈయన" అంది అక్క.

"ఏంది నువ్వు చెప్పేది? వానికి మీసముండాది."

పక్కనున్న కుర్చీ లాక్కోబోయాను. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాంట్లో కూర్చోబాకండి. మా బామ్మర్ది వస్తే కావాల."

నేనెక్కాల్సిన గిద్దలూరు బస్సు వచ్చేదాకా గచ్చు మీదే కూర్చున్నాను.